శీనుకి, పేరాల నుంచి

పేరాల,
ఆగస్టు 17

ఒరేయ్ శీనూ,

పంద్రాగస్టు నాడు ఫోన్లో నువ్వన్న మాట నాకు రెండు రోజులుగా మనసులో నలుగుతూనే ఉంది. "చీరాల పేరాల వాళ్ళం రా మనం, పన్ను కట్టకపోవడం మన రక్తంలోనే ఉంది" అన్నావు. నవ్వుతూనే అన్నావులే. కానీ మూడేళ్ళ ఇంటిపన్ను బాకీ పెట్టి, కాలనీలో రోడ్డు వేయలేదన్న కోపాన్ని తీసుకొచ్చి మన పెద్దవాళ్ళ పేరు మీద పెట్టేసరికి నాకు గుండె కలుక్కుమంది. ఫోన్లో అయితే మాట పూర్తి కానివ్వవు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

మా నాయనమ్మ నీకు గుర్తుందిగా? సాయంత్రం అరుగు మీద కూర్చోబెట్టి మనిద్దరికీ మరమరాలు పెట్టేది. 1921లో ఊరు ఖాళీ చేసినప్పుడు ఆవిడకి ఆరేళ్ళు. అంతకు ముందే తెల్లవాళ్ళు చీరాల, పేరాల కలిపి మున్సిపాలిటీ చేశారు, పన్ను ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరిగింది. నేత పని మీద బతికే ఊరు, అంత ఎక్కడి నుంచి తెచ్చి కడతారు? మాకు మున్సిపాలిటీ వద్దు మహాప్రభో అని అర్జీలు పెట్టుకున్నారు. వినే నాథుడు లేడు. అప్పుడు ఉద్యమం నడిపిన కాంగ్రెస్ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాట మీద జనం ఇళ్ళకి తాళాలు వేసి, మున్సిపాలిటీ హద్దు దాటి వెళ్ళిపోయారు. పదమూడు వేల మందికి పైగా! అక్కడ పాకలు వేసుకుని రామనగర్ అని పేరు పెట్టుకున్నారు.

నాయనమ్మ చేతికి వాళ్ళమ్మ దీపపు సెమ్మె ఇచ్చిందట. ఇత్తడిది, ఆ పిల్లకి మోయలేని బరువు. నూనె ఒలికి పరికిణీ అంతా తడిసినా కింద పెట్టలేదట. వాళ్ళ నాన్న మగ్గం విప్పి బండి మీద వేసుకెళ్ళి, పాకలో మళ్ళీ గుంట తవ్వి దించాడు. వాన పడితే ఆ గుంటలోకి నీళ్ళు. రాత్రంతా ముంతతో తోడేవాళ్ళట. ఈ మాట చెప్పేటప్పుడు నాయనమ్మ చెయ్యి అలా తోడుతున్నట్టే కదిలేది, నువ్వూ చూశావు.

ఇంకో మాట కూడా చెప్పేది. అది నువ్వు మర్చిపోయినట్టున్నావు. అక్కడ పాకల మధ్య దారులు వంతులేసుకుని ఊడ్చుకునేవాళ్ళు. రాత్రుళ్ళు దుగ్గిరాలగారు కూడగట్టిన రామదండు వాలంటీర్లు కాపలా తిరిగేవాళ్ళు. అంటే పన్ను మానేసిన వాళ్ళెవరూ బాధ్యత మానేయలేదురా. పన్ను కంటే ఎక్కువే మోశారు. పదకొండు నెలలు ఎండకీ వానకీ ఓర్చుకున్నారు. దుగ్గిరాలగారు జైలు పాలయ్యారు. చివరికి జనం పాత ఇళ్ళకి తిరిగి రావాల్సే వచ్చింది. స్వాతంత్ర్యం చూడటానికి వాళ్ళకి ఇంకా పాతికేళ్ళు పట్టింది.

వాళ్ళ బాధేమిటి? మమ్మల్ని అడక్కుండా మా నెత్తిన పెట్టారన్నదే కదా. నిన్ను అడుగుతున్నారు కదరా ఇప్పుడు! ఓటు అడుగుతున్నారు. డబ్బు ఏమైందో చెప్పండని నువ్వు తిరిగి అడగొచ్చు. సమాచార హక్కు చట్టం 2005లోనే వచ్చింది, తెల్లకాగితం మీద రాసిస్తే 30 రోజుల్లో జవాబు చెప్పాలి. మీ రోడ్డుకి ఎంత మంజూరైంది, ఎవరు కాంట్రాక్టు తీసుకున్నారు, ఎందుకు ఆగింది అని ఎప్పుడైనా రాశావా? బాకీ పెట్టుకుని కూర్చుంటే రోడ్డు రాదు, అడిగే నోరు కూడా పెగలదు. ముందు కట్టు, ఆ రసీదు చేత్తో పట్టుకుని అడుగు.

ఇంకో సంగతి విను. మన రాజ్యాంగంలో ప్రాథమిక విధులని ఉన్నాయిగా, 1976లో పది చేర్చారు, 2002లో పిల్లల చదువు గురించి పదకొండోది వచ్చింది. పన్ను కట్టడం వాటిలో లేదు! ఈ విధులు పెట్టమని సిఫార్సు చేసిన స్వరణ్ సింగ్ కమిటీ దాన్నీ చేర్చమని చెప్పింది, కానీ చేర్చలేదు. ఓటు వేయడమూ లేదు. మొన్న స్కూల్లో పిల్లలకి ఆ పదకొండూ చదివి వినిపిస్తూ నేను అక్కడే ఆగిపోయాను. ఒక పిల్లవాడు లేచి "మరి రాయకపోతే చెయ్యక్కర్లేదా మాస్టారూ" అని అడిగాడు. మీ అమ్మ నీకు అన్నం పెట్టాలని ఎక్కడైనా రాసుందా నాయనా అన్నాను. వాడు ఆలోచించుకుంటూ కూర్చున్నాడు. నేనూ ఆలోచిస్తూనే ఇంటికొచ్చాను.

నీ ఓటు ఇంకా ఇక్కడే ఉంది, చూసుకున్నావా? పోయిన ఎన్నికలకి రాలేదు, అక్కడా వేయలేదు. ఫారం 8 నింపి అక్కడికి మార్పించుకో, ఆన్‌లైన్లో పది నిమిషాల పని. మన చిట్టికి సెప్టెంబరులో పద్దెనిమిది నిండుతాయి కదా? ఓటుకి పద్దెనిమిది నిండాయా అని చూడటానికి ఇదివరకు జనవరి 1 ఒక్కటే లెక్క, ఇప్పుడు అక్టోబరు 1 కూడా అర్హత తేదీనే. దాని కొత్త ఓటుకి ఫారం 6. నువ్వు నింపకు, దాని చేతే నింపించు. మొదటి ఓటు దాని సొంతం.

చెల్లెమ్మకి ఈ ఉత్తరం చదివి వినిపించు, నువ్వు దాచేస్తావని తెలుసు. దసరా సెలవులకి ముగ్గురూ రండి. రామనగర్ చూపిస్తాను, ఇప్పుడు చుట్టూ అంతా ఇళ్ళే. సెమ్మె మా ఇంట్లోనే ఉంది. అడుగున చిన్న సొట్ట ఉంది, ఆ రోజు దారిలో ఒక్కసారి జారిందట. చిట్టి చేత మోయించి చూద్దాం, ఎంత బరువో దానికీ తెలుస్తుంది.

పన్ను కట్టాక రసీదు ఫొటో పంపు. ఎదురుచూస్తుంటాను.

నీ
రాము