పింఛను గడప దాకా వస్తోంది, పలకరించే మనిషేరీ?

సంపాదకులకు నమస్కారం.

మా ఉదయగిరి, వింజమూరు మెట్ట పల్లెల్లోనూ, పక్కనున్న మార్కాపురం జిల్లా పామూరు, కనిగిరి వైపునా, పిల్లలు హైదరాబాదుకో బెంగళూరుకో బతుకుదెరువుకు వెళ్లిపోగా ఇంట్లో ఒంటరిగా మిగిలిన పెద్దవాళ్లు వీధికి ఒకరిద్దరైనా కనిపిస్తారు. వానలు నమ్మలేని నేల మీద పిల్లల్ని కట్టిపడేయలేం కనుక వారిని తప్పుపట్టను. ఒకటో తేదీన సచివాలయ సిబ్బంది ఇంటికే వచ్చి 4,000 రూపాయల పింఛను చేతిలో పెడుతున్నారు, అది పెద్ద ఆసరానే. మిగతా రోజుల్లో ఆ గడప తొక్కేదెవరన్నదే నా బాధ.

మా వీధిలో ఒక పెద్దమ్మ ప్రతి శనివారం రామమందిరం భజనకు తప్పక వచ్చేవారు. ఒక శనివారం ఆమె కనిపించకపోయేసరికి ఇద్దరు మహిళలు భజన మధ్యలోనే లేచి వెళ్లి చూస్తే, దొడ్లో జారిపడి లేవలేక గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. వాళ్లే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు, ఆమె కోలుకునే దాకా వంతులు వేసుకుని క్యారియర్ పంపారు. అదే ఊళ్లో ఎవరితోనూ కలవని, ఎవరూ పిలవని ఒక పెద్దాయన జ్వరంతో మంచం పట్టిన సంగతి, గుమ్మం ముందు పాలప్యాకెట్లు పోగుపడ్డాక గానీ బయటపడలేదు. ఇద్దరికీ పిల్లలున్నారు, ఇద్దరికీ డబ్బు అందుతోంది. కాకపోతే, ఆమె రాకపోతే ఏమైందోనని కంగారుపడే మనుషులు ఆమెకు ఉన్నారు.

ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో వెల్లడించింది. తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం కింద ట్రిబ్యునల్ మనోవర్తి ఇప్పించగలదు గానీ, పక్కన కూర్చుని నాలుగు మాటలు మాట్లాడమని ఎవరినీ ఆదేశించలేదు. ఆ పని ఇంటివాళ్లు చేయాలి, వాళ్లు దూరమైతే గుడి, చర్చి, మసీదు చుట్టూ అల్లుకున్న బంధాలు చేయాలి.

ఇది మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. 1876–78 నాటి ధాత కరువులో ఒంగోలులోని బాప్టిస్టు మిషనరీ క్లౌ, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవారికి పని చూపించారు. ఊరు వెలివాడలో ఉంచిన వేలాది మంది ఆ తర్వాత ఆ బాప్టిస్టు సంఘంలో చేరారు. మొహర్రం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువులో ఏ మతమని అడగకుండా ముక్కూమొహం తెలియనివారితో రొట్టెలు మార్చుకుంటాం. ఆ కలుపుగోలుతనం పండగ దాటి ఇంటి ముంగిటి దాకా రావాలి. కులం చూసి గడప తొక్కే సంఘం ఎంత పెద్దదైనా ఈ పనికి పనికిరాదు.

కనుక ప్రతి మందిరం కమిటీ, చర్చి స్త్రీల సమాజం, మసీదు కమిటీ తమ వీధిలోని ఒంటరి వృద్ధుల పేర్లు, వారి పిల్లల ఫోన్ నంబర్లు ఒక పుస్తకంలో రాసుకోవాలని, తమ ప్రార్థనకు రానివారిని, పరాయి మతస్థులను కూడా అందులో చేర్చుకుని వారానికి రెండుసార్లైనా వెళ్లి చూడాలని మనవి చేస్తున్నాను. వృద్ధుల సహాయవాణి 14567 నంబరును ఆ ఇళ్లలో గోడ మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టాలి. ఈ పని ఇప్పటికే చేస్తున్న ఊళ్లు ఉంటే వాటి గురించి మీ జిల్లా పేజీలో రాయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
వింజమూరు, నెల్లూరు జిల్లా.