సముద్రపు రీలుకు హైదరాబాదులో పట్టే తుప్పు

సంపాదకులకు నమస్కారం.

సముద్రతీరంలో గాలం వేట గురించి మీ ఆదివారం అనుబంధంలో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని ఆసక్తిగా చదివాను. ఈ సరదాకు ఒక పేజీ కేటాయించే పత్రికలు తక్కువ కాబట్టి ముందుగా మీకు కృతజ్ఞతలు. అయితే స్పిన్నింగ్ రీలు (గాలం కర్రకు బిగించి, గాలపు దారమైన లైనును చుట్టుకునే పరికరం) గురించి అందులో చెప్పిన రెండు మాటలను, అంటే బేరింగులు ఎన్ని ఎక్కువ ఉంటే రీలు అంత మేలైనదన్న మాటను, వేట నుంచి ఇల్లు చేరాక రీలును బకెట్ నీళ్లలో అరగంట నానబెట్టాలన్న మాటను నమ్మి పాటించిన వారికి డబ్బూ పోతుంది, రీలూ పోతుంది. పద్నాలుగేళ్లుగా తార్నాక నుంచి సూర్యలంకకూ అంతర్వేదికీ భీమిలికీ గాలం సంచి మోసుకుపోతున్నవాడిగా ఈ రెండు తప్పులనూ నా సొంత ఖర్చుతో చేసి చూశాను. అందుకే ఈ ఉత్తరం.

విశాఖలో ఉండే వేటగాడు ఒడ్డు నుంచి అరగంటలో ఇల్లు చేరి రీలు కడిగి ఆరబెట్టుకుంటాడు. మన హైదరాబాదు వాళ్ల సంగతి వేరు. ఆదివారం సాయంత్రం దాకా నీళ్లలో నిలబడి, లాడ్జి గది ఖాళీ చేసే హడావిడిలో తడి రీలును సంచిలో కుక్కి, గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లవారి సికింద్రాబాదులో దిగి నేరుగా ఆఫీసుకు పోతాం. సంచి అటక ఎక్కుతుంది. మళ్లీ దాని జిప్పు తీసేది మరో మూడు రోజుల సెలవు కలిసివచ్చినప్పుడే. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. నీరు ఆవిరైపోయినా ఆ ఉప్పు రీలులోనే ఉండిపోతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకుని తిరిగి ఉప్పునీరు అవుతుంది. వానాకాలంలో మన వంటింట్లో ఉప్పు డబ్బా చెమర్చడం అందరూ చూసేదే. ఆగస్టు రాత్రుల్లో హైదరాబాదు గాలికి ఆ తేమ ఉంటుంది కనుక, అంతర్వేదిలో ఒక పూట తడిసిన రీలు తార్నాకలోని అటక మీద నెలరోజులు తడుస్తూనే ఉంటుంది. మన రీళ్లు చాలావరకు పాడయ్యేది అక్కడే.

రీలులో ఏ భాగం ముందు పోతుందో తెలియాలంటే అది పనిచేసే తీరు కొంచెం తెలియాలి. పోచంపల్లిలో మగ్గం చూసినవారికి ఇది తేలికగా బోధపడుతుంది. మగ్గంలో అటూ ఇటూ పోయే నాడెలోని, నూలు చుట్టిన కండె తిరగదు. కదలకుండా ఉన్న కండె కొన నుంచి నూలు జారి వస్తుంది. స్పిన్నింగ్ రీలులో లైను చుట్టి ఉండే స్పూలు కూడా అంతే, ఎర విసిరినప్పుడు తిరగకుండానే లైను వదులుతుంది. 1905లో ఇంగ్లండులో ఈ రకం రీలుకు పేటెంటు తీసుకున్న ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ బట్టల మిల్లు యజమాని కావడం కాకతాళీయం కాదు. అయితే స్పూలు తిరగని ఈ ఏర్పాటులో ఒక చిక్కు ఉంది: లైనును వెనక్కి చుట్టేటప్పుడు అది బెయిలు (లైనును పట్టి స్పూలు మీదికి చుట్టే తీగ కమ్మీ) చివర ఉన్న చిన్న లైన్ రోలర్ మీద దాదాపు లంబకోణంలో మలుపు తిరగాలి. చేప బరువంతా, తడి లైను మోసుకొచ్చే ఉప్పునీరంతా శనగ గింజంత బేరింగు మీద పడతాయి. ఎన్ని వేలు పోసి కొన్న రీలైనా నిర్లక్ష్యం చేస్తే ముందుగా పట్టేసేది ఇదే. అది తిరగకపోతే లైను దాని మీద రాసుకుపోయి నూగు లేస్తుంది, మెలికలు పడుతుంది. లైను నాసిరకమని మనం కంపెనీని తిట్టుకుంటాం.

ఇక ఎంపిక. మన తీరంలో ఏటి మొగల్లోనూ ఉప్పుటేరుల్లోనూ గట్టు మీద నిలబడి పండుగప్ప, పార చేపలకు ఎర విసిరేవారికి 3000 లేదా 4000 సైజు రీలు చాలు. ఏడెనిమిది అడుగుల రాడ్‌కు అది సరిగ్గా తూగుతుంది, తొమ్మిది కిలోల బరువుకు తెగే బ్రెయిడ్ (అల్లిన పోగుల) లైను సరిపడా పడుతుంది. అంతకంటే పెద్దది కొంటే రోజంతా విసిరేసరికి మణికట్టు లాగేస్తుంది. ఈ అంకెలు అన్ని కంపెనీలకూ ఒకటి కావని కూడా తెలుసుకోవాలి. షిమానో రీలు మీద సీ3000 అని ఉంటే 2500 సైజు ఒంటికి 3000 స్పూలు బిగించారని అర్థం. అంకె చూసి ఆన్‌లైన్‌లో తెప్పించుకుని, పెట్టె విప్పాక చిన్నబోయిన మిత్రులు నాకు ఇద్దరున్నారు.

చేప గట్టిగా లాగినప్పుడు లైను తెగకుండా కొంచెం కొంచెంగా వదిలే బిగింపును డ్రాగ్ అంటారు. దాని విషయంలో పెట్టె మీది అంకెలు మరీ మోసం చేస్తాయి. పది కిలోలు, పన్నెండు కిలోలు అని గొప్పగా ముద్రిస్తారు. లైను తెగే బరువులో నాలుగో వంతు నుంచి మూడో వంతు లోపు డ్రాగ్ పెట్టుకోవడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. తొమ్మిది కిలోల లైనుకు అది రెండుంపావు నుంచి మూడు కిలోల లోపే ఆగుతుంది. ప్రయాణపు పెట్టెలు తూచే కొక్కెం తూకానికి లైను కట్టి లాగి చూస్తే ఇది ఎవరికైనా తెలుస్తుంది. కనుక డ్రాగ్ ఎంత గట్టిగా బిగుస్తుందన్నది మనకు అక్కరలేదు, ఎంత మెత్తగా వదులుతుందన్నది కావాలి. దుకాణంలో డ్రాగ్ తేలిగ్గా బిగించి లైను నెమ్మదిగా లాగండి. మొదట పట్టేసి తర్వాత ఒక్కసారిగా వదిలే రీలును అక్కడే పెట్టేసి రండి, ఎందుకంటే పండుగప్ప మొదటి పరుగులో లైను తెగేది సరిగ్గా ఆ కుదుపుకే.

బేరింగుల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఉప్పుకు ఓర్చుకునే, మూతలున్న స్టెయిన్‌లెస్ బేరింగులు ఐదు ఉన్న రీలు, చవక బేరింగులు పదమూడు ఉన్న రీలు కంటే ఎక్కువ కాలం బతుకుతుంది. తుప్పు పట్టడానికి అందులో తక్కువ చోట్లున్నాయి. రీలు ఒళ్లు దేనితో చేశారో చూడండి: అల్యూమినియం గట్టిది, గ్రాఫైట్ తేలిక, దానికి తుప్పు భయం లేదు, కాని బరువు పడితే కొంచెం వంగుతుంది. మెగ్నీషియం ఒళ్లున్న రీళ్లు తేలికగా ఉన్నా, పై పూత ఎక్కడ గీసుకుపోయినా ఉప్పు అక్కడి నుంచి తినుకుంటూ పోతుంది. పిడి లోపలి ఇరుసులోకి మరలాగా తిప్పి బిగించేదైతే మంచిది. ఒకవైపు నుంచి బోల్టు దూర్చి బిగించేవాటికి ఏడాదికే ఊగిసలాట వస్తుంది.

నీరు చొరకుండా సీళ్లు ఉన్న రీలు తీసుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. తీసుకోవచ్చు, స్తోమత ఉంటే తీసుకోవాలి కూడా. వస్తువు నీటిని ఎంత తట్టుకుంటుందో చెప్పే ఐపీఎక్స్ ప్రమాణంలో ఐపీఎక్స్5 అంటే నీటి ధారను, ఐపీఎక్స్6 అంటే ఉధృతమైన ధారను తట్టుకుంటుందని, 7 ఉంటే మీటరు లోతులో అరగంట ఉన్నా నీరు లోపలికి పోదని అర్థం. పెన్ కంపెనీ స్పిన్‌ఫిషర్ 6 రీలు మీద ఉన్నది ఐపీఎక్స్5. కాని ఈ పరీక్షలన్నీ కొత్త వస్తువు మీద, మంచినీటితో చేసేవి. మన రీలు మీద ఉప్పు రవ్వలు పేరుకుంటాయి, ఇసుక పడుతుంది, రబ్బరు అరుగుతుంది. సీలు అరిగిన రీలులోకి వెళ్లిన నీరు బయటికి రావడానికి దారి ఉండదు. మామూలు రీలైతే ఎండకైనా ఆరుతుంది.

నేను పోగొట్టుకున్న చేప కథ ఇక్కడ చెప్పాలి. ఒక డిసెంబరులో అంతర్వేది వెళ్లే ముందు, రీలు తిప్పుతుంటే గరగరమంటోందని నగరంలోని ఒక దుకాణంలో సర్వీసుకు ఇచ్చాను. తిరిగి వచ్చిన రీలు నేతిలో ముంచినట్టు మెత్తగా తిరిగింది, సంతోషించాను. అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర, పోటు మొదలైన గంటకు, ఇంకా చలి తగ్గని వేళ ఒక పండుగప్ప ఎర అందుకుంది. గాలం గుచ్చడానికి రాడ్ గట్టిగా లాగగానే రీలు పిడి వెనక్కి గిర్రున తిరిగి నా వేలి కణుపులను గట్టిగా కొట్టింది, లైను సడలింది, చేప ఒక్క ఎగురు ఎగిరి గాలం విదిలించుకుని పోయింది. ఇంటికొచ్చి విప్పి చూస్తే, పిడిని వెనక్కి తిరగనివ్వని యాంటీ రివర్స్ క్లచ్ నిండా తేనెరంగు గ్రీజు. ఆ క్లచ్‌లో సన్నని రోలర్లు, వెంట్రుకలాంటి స్ప్రింగులు ఉంటాయి. వెనక్కి తిరగబోయిన క్షణంలో రోలర్లు ఇరుక్కుని ఇరుసును పట్టేయాలి. చిక్కటి గ్రీజు, అందులోనూ చలికి గడ్డకట్టింది, వాటిని కదలనివ్వదు. స్పిరిట్‌తో కడిగి, ఆరబెట్టి, పల్చటి నూనె ఒక్క చుక్క వేశాను. రీలు అప్పటినుంచి ఇప్పటిదాకా పనిచేస్తోంది, కుడిచేతి కణుపు మీది మచ్చ మాత్రం పోలేదు.

కనుక పళ్లచక్రాలకు గ్రీజు, బేరింగులకు పల్చటి నూనె, క్లచ్‌కు దాదాపు ఏమీ వద్దు. కుట్టుమిషన్ నూనె బేరింగుకు ఫరవాలేదు. కొబ్బరినూనె వేయకండి, చలికాలంలో పేరుకుంటుంది, కొన్నాళ్లకు ముక్కవాసనతో జిగురవుతుంది. డబ్ల్యూడీ-40 నీటిని తరిమేందుకు పుట్టిన ద్రవం, లోపల కొడితే ఉన్న గ్రీజును కూడా కడిగేస్తుంది. డైవా మ్యాగ్‌సీల్ రీళ్లలో అయస్కాంతం పట్టి ఉంచే నూనె ఉంటుంది, ఆ బేరింగుల మీద మన నూనె పడితే అది చెడుతుంది. వాటి జోలికి పోకపోవడమే మంచిది.

ఇప్పుడు బకెట్ సంగతి. రీలును నీళ్లలో ముంచితే బయటి ఉప్పు కరిగి, ఆ కరిగిన ఉప్పునీరే పిడి ఇరుసు పక్క సందుల్లోంచి లోపలికి పాకుతుంది. కుళాయి గొట్టంతో జోరుగా కొట్టినా అంతే. డ్రాగ్ మరను పూర్తిగా బిగించి, రాడ్ నిలువుగా పట్టుకుని, చేతివేళ్ల మీదుగా మగ్గుతో నీళ్లు జల్లులా పోస్తే చాలు. లైన్ రోలర్ మీద మాత్రం కాస్త ఎక్కువ పోసి వేలితో తిప్పాలి. తర్వాత విదిలించి, పాత నూలుబట్టతో తుడిచి, డ్రాగ్ వదులు చేసి, స్పూలు ఊడదీసి నీడన ఆరబెట్టాలి. ఈ పని ఒడ్డు దాటకముందే, కనీసం రైలు ఎక్కకముందే కావాలి. తీరప్రాంతపు బోర్లలో చాలాచోట్ల ఉప్పునీళ్లే పడతాయి కనుక లాడ్జి కుళాయి నీళ్లను ముందు నాలుక మీద వేసుకుని చూడండి. నేను రెండు లీటర్ల మంచినీళ్ల సీసా ఒకటి రీలు కోసమే కొని ఉంచుకుంటాను. ఇంట్లో మరోసారి కడిగేటప్పుడు మంజీరా నీళ్లో కృష్ణా నీళ్లో వచ్చే కుళాయి వాడండి. మన కాలనీల బోరునీళ్లు ఆరితే బకెట్ అంచున మిగిలే తెల్లచారే రీలు మీదా మిగులుతుంది. ఆర్వో యంత్రం బయటికి వదిలే నీళ్లను పొదుపుగా పట్టి అంట్లకూ నేల తుడవడానికీ వాడటం మా ఇంట్లో కూడా అలవాటే, కాని లవణాలన్నీ చేరేది ఆ నీళ్లలోనే. వాటితో రీలు కడిగితే ఉప్పును ఉప్పుతో కడిగినట్టు.

ఏడాదికొకసారి రీలు పూర్తిగా విప్పడానికి నాకు కుదిరిన కాలం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో యంత్రపు పడవల వేటకు నిషేధం ఉండే 61 రోజులు. అద్దె పడవలు ఎలాగూ కదలవు. బల్ల మీద తెల్ల తువ్వాలు పరచి, పక్కన ఇడ్లీ ప్లేటు పెట్టుకుంటాను. విప్పిన వరుసలోనే ఒక్కో గుంటలో ఒక్కో భాగం వేస్తూ, ప్రతి మెట్టునూ ఫోనుతో ఫొటో తీస్తూ పోతే కాగితం మందం ఉన్న వాషరు కూడా దారి తప్పదు. మరలకు బిగించే ముందు రవ్వంత గ్రీజు పూయాలి. అల్యూమినియం ఒంట్లో స్టెయిన్‌లెస్ మర ఉప్పునీటితో కలిసి కూర్చుంటే అల్యూమినియం తినేసుకుపోయి, మరుసటి ఏడాది మర తల విరుగుతుందే తప్ప మర ఊడదు. బెయిలు స్ప్రింగు ఒకసారి ఎగిరి మా ఫ్రిజ్ కిందకు పోయి రెండు రోజులు దొరకలేదు, కాబట్టి ఆ భాగం విప్పేటప్పుడు మాత్రం చేతులను రీలుతో సహా పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో పెట్టుకోండి.

సంక్రాంతి సెలవులకు నగరం సగం ఖాళీ అయి కోస్తా జిల్లాలకు తరలుతుంది. ఆ సంచుల్లో ఎన్నో రాడ్లూ రీళ్లూ ఉంటాయి. బేరింగుల మాట మీరు దిద్దినా దిద్దకపోయినా, బకెట్‌లో నానబెట్టమన్న సలహాకు సవరణను మాత్రం భోగి కంటే ముందు వచ్చే ఆదివారం సంచికలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
తార్నాక నుంచి మీ పాఠకుడు,
హైదరాబాదు