సోమ, బుధ, శుక్రవారాల్లో ఐదింటికే షాపు మూయడం గురించి

నమస్కారం.

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. వచ్చే నెల మొదటి తారీఖు నుంచి సోమ, బుధ, శుక్రవారాల్లో మన టైలరింగ్ షాపు సాయంత్రం 5 గంటలకే మూసేస్తాను. ఇన్నాళ్లూ వారం రోజుల్లో ఇచ్చిన బట్టలు ఇకపై పది రోజులకు ఇస్తాను. ఇప్పటికే తీసుకున్న ఆర్డర్లు మాత్రం చెప్పిన తేదీకే అందుతాయి. ఈ రెండు ముక్కలూ కాగితం మీద రాసి తలుపుకి అంటిస్తే సరిపోయేది. కానీ మీకు చెప్పాల్సిన నిజం ఒకటి నా దగ్గర ఉండిపోయింది. మీలో చాలామంది అడుగుతున్న ప్రశ్నకు జవాబు కూడా అందులోనే ఉంది.

రెండేళ్ల కిందట వరసగా నాలుగు నెలలు మీ బట్టలు ఆలస్యం చేశాను. అడిగిన వాళ్లందరికీ మిషను రిపేరులో ఉందని చెప్పాను. మిషను బాగానే ఉంది. నా మోకాళ్లే బాగాలేవు. కటింగ్ టేబుల్ దగ్గర పావుగంట నిలబడితే కుడి మోకాలు మంట పెట్టేది. ట్రయల్ రూమ్ దాకా నడవాలంటే టేబుల్ అంచు పట్టుకుని వెళ్లేదాన్ని. ఆ మాట చెబితే "ఇక ఈవిడ వల్ల కాదు" అనుకుని మీరు వేరే చోటికి వెళ్లిపోతారని భయపడ్డాను. ఆ రోజుల్లోనే ఒక పాప స్కూల్ వార్షికోత్సవానికి వేసుకోవాల్సిన గౌను మర్నాడు ఇచ్చాను. వాళ్లమ్మ ఒక్క మాట అనలేదు. డబ్బిచ్చి, గౌను సంచిలో పెట్టుకుని వెళ్లిపోయారు. అది ఇప్పటికీ నన్ను గుచ్చుతూనే ఉంది. అబద్ధం చెప్పినందుకు మీ అందరినీ క్షమాపణ అడుగుతున్నాను.

ఇక మీ ప్రశ్న. "ఎలా తగ్గారక్కా?" అని కౌంటర్ దగ్గర రోజుకి ఒక్కరైనా అడుగుతున్నారు. నిలబడి చెబితే తెగే మాట కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. 16 నెలల్లో 94 కిలోల నుంచి 82కి వచ్చాను. మోకాళ్లు మాత్రం పాతవే. రెండింటిలోనూ ఆస్టియో ఆర్థ్రైటిస్, అంటే ఎముకల చివర్లో మెత్తగా ఉండే మృదులాస్థి అరిగిపోవడం. అరిగింది బరువు తగ్గినంత మాత్రాన తిరిగి పెరగదు.

ఇలాంటి కాళ్లున్న వాళ్లకి ఈ సుడిగుండం బాగా తెలుసు. బరువు తగ్గాలి, నడవండి అంటారు. నడిస్తే నొప్పి. నొప్పికి కూర్చుండిపోతే బరువు. బరువు పెరిగితే ఇంకా నొప్పి. నేనూ పట్టుదలగా రోజూ పొద్దున్నే ముప్పావు గంట నడక మొదలుపెట్టాను. తొమ్మిదో రోజుకి మోకాలు వాచిపోయి రెండు వారాలు మంచం మీదే ఉన్నాను. తర్వాత కడుపు మాడ్చుకోవడం. రాత్రి భోజనం మానేశాను. నెలలో నాలుగు కిలోలు తగ్గాను, సూదిలో దారం ఎక్కించబోతే చెయ్యి వణికేది. మామూలుగా తినడం మొదలెట్టగానే ఐదు కిలోలు పెరిగాను. అప్పుడు పోయిన దాంట్లో కొవ్వుతో పాటు కండ కూడా పోయిందని తర్వాత తెలిసింది. మోకాలికి అండగా ఉండే తొడ కండరాన్ని నా చేతులారా నేనే కరిగించుకున్నాను.

దారి మార్చింది ఒక ఫిజియోథెరపిస్ట్. ఆవిడ నడక మాటే ఎత్తలేదు. "కుర్చీలో కూర్చుని ఏం చేయగలరో అది చూద్దాం" అన్నారు. కూర్చుని ఒక కాలు నెమ్మదిగా ముందుకి చాపి, మోకాలు నిటారుగా చేసి, తొడ బిగించి ఐదు లెక్కపెట్టాలి. ఎంత నెమ్మదిగా లేపామో అంత నెమ్మదిగా దించాలి. ఒక్కో కాలికి పదిసార్లు. అంతే. ఇదేం వ్యాయామం అనుకున్నాను కానీ ఆరోసారికే తొడ వణికింది. మృదులాస్థికి రక్తనాళాలు ఉండవట. కీలు కదిలి, నొక్కుకుని వదులవుతుంటేనే కీలులోని ద్రవం ద్వారా దానికి పోషణ అందుతుంది. కదపకుండా దాచుకుంటే కీలు బాగుపడుతుందని అన్నాళ్లూ నేను నమ్మింది పూర్తిగా తప్పు.

రెండోది కుర్చీలోంచి లేవడం. చేతులతో కుర్చీ పట్టుకోకుండా లేవాలి. మామూలు ఎత్తు నుంచి నా వల్ల కాలేదు. షాపులో మిగిలిన లైనింగ్ గుడ్డ దళసరిగా మడతలు పెట్టి ఆరు దిండ్లలా కుట్టాను. ఆరూ కుర్చీ మీద వేస్తే దాదాపు స్టూలంత ఎత్తు వచ్చింది. అక్కడి నుంచి లేవగలిగాను. ఎనిమిదిసార్లు హాయిగా లేవగలిగిన వారం ఒక దిండు తీసేసేదాన్ని. ఆరో దిండు తీయడానికి ఏడు నెలలు పట్టింది. ఆ రోజు దుకాణంలో ఎవరూ లేరు, మా దగ్గర పనిచేసే అమ్మాయి ఒక్కతే ఉంది. ఖాళీ కుర్చీలోంచి లేచి నిలబడితే అది చప్పట్లు కొట్టింది. ఇద్దరం కాసేపు ఏడ్చాం.

నొప్పి సంగతికి ఫిజియోథెరపిస్ట్ ఒక కొలత చెప్పారు. వ్యాయామం అయిన రెండు గంటల తర్వాత కూడా మొదలుపెట్టేటప్పటి కంటే ఎక్కువ నొప్పి ఉంటే, ఆ రోజు మోతాదు మించినట్టు. మర్నాడు తగ్గించాలి, మానేయకూడదు. కొద్దిగా పట్టేసినట్టుండటం వేరు, కీలు వాచడం, పొడిచినట్టు నొప్పి రావడం వేరు. ఈ తేడా పట్టుకోవడానికి నాకు నాలుగైదు వారాలు పట్టింది.

మూడోది నీళ్లు. వారంలో మూడు సాయంత్రాలు ఈత కొలనులో ఛాతీ లోతు నీళ్లలో నడుస్తాను. నాకు ఈత రాదు, అవసరం కూడా పడలేదు. నడుము లోతులో ఉంటే కాళ్ల మీద దాదాపు సగం బరువే పడుతుంది. ఛాతీ దాకా వెళ్తే మూడో వంతు, ఇంకా తక్కువ కూడా. గట్టు మీద పది నిమిషాలు నడవలేని నేను నీళ్లలో అరగంట ఆగకుండా నడిచాను. ఊపిరి వేగం పెరగాలి, పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అంతకంటే కష్టపడనక్కర్లేదు.

ఇంత చెప్పాక ఒక మాట నిజాయితీగా చెప్పాలి. వ్యాయామం ఒక్కదానితో నా బరువు తగ్గలేదు. మోకాళ్ల అరుగుదల ఉన్న, బరువెక్కువైన 454 మంది మీద అమెరికాలో ఏడాదిన్నర చేసిన ఒక పెద్ద అధ్యయనం 2013లో వెలువడింది. వ్యాయామం మాత్రమే చేసినవాళ్లు సగటున 2 కిలోల లోపే తగ్గారు. ఆహారం మాత్రమే మార్చుకున్నవాళ్లు సుమారు 9 కిలోలు, రెండూ చేసినవాళ్లు 10 కిలోలకు పైగా తగ్గారు. నొప్పి తగ్గడంలో, నడక మెరుగుపడటంలో కూడా రెండూ చేసినవాళ్లకే మేలు ఎక్కువ. నా అనుభవం కూడా అచ్చం అదే. కూర్చుని చేసే నా అరగంట వ్యాయామానికి ఖర్చయ్యేది మహా అయితే వంద కేలరీలు. కిలో కొవ్వులో దాదాపు 7,700 ఉంటాయి. కాళ్లు సరిగ్గా లేనివాళ్లు ఈ లెక్క చూసి దిగులుపడకూడదు, ఊరట పడాలి. పరుగెత్తలేకపోయినా బరువు తగ్గే దారి మూసుకుపోలేదని కదా దీనర్థం.

నేను మార్చినవి పెద్ద విషయాలేం కావు. కుడుతూ కుడుతూ రోజుకి ఐదు టీలు తాగేదాన్ని, ఒక్కోదానిలో రెండు చెంచాల పంచదార. అంటే పది చెంచాలు, 160 కేలరీలు. కౌంటర్ కింద బిస్కెట్ల డబ్బా ఉండేది, ఆకలితో సంబంధం లేకుండా చెయ్యి అటే పోయేది. ముందు ఆ డబ్బా తీసేశాను, తర్వాత పంచదార తగ్గించాను. భోజనంలో సగం పళ్లెం కూరగాయలు, పావు వంతు పప్పుగానీ గుడ్లుగానీ చేపగానీ, మిగిలిన పావు ధాన్యం. మూడు పూటలా తింటాను. మాంసకృత్తులు పూటపూటకీ ఉండేలా చూసుకుంటాను, కండ పోకూడదని. ఇష్టమైనదేదీ పూర్తిగా మానలేదు.

మధ్యలో మూడు నెలలు కాటా కదల్లేదు. అప్పుడు నన్ను నిలబెట్టింది టేపు. మీ కొలతలు రాసే పుస్తకంలోనే చివరి పేజీ నాకోసం పెట్టుకున్నాను. నెలకోసారి నడుము, తుంటి, తొడ. కాటా 87 దగ్గరే ఆగిపోయిన ఆ మూడు నెలల్లో నడుము 4 సెంటీమీటర్లు తగ్గింది. ఉప్పు ఎక్కువైనా, నీళ్లు పట్టేసినా ఒక్కరోజులోనే కిలో, కిలోన్నర అటూఇటూ అవుతుంది. ఆ అంకెకి మనసు పాడుచేసుకోవద్దు. బరువు తగ్గిన శరీరానికి కేలరీల ఖర్చు కూడా తగ్గుతుంది కాబట్టి కొంతకాలం తర్వాత నెమ్మదించడం సహజమే.

పన్నెండు కిలోలు చూడటానికి పెద్దగా అనిపించకపోవచ్చు. కానీ తగ్గిన ప్రతి కిలోకీ అడుగు వేసినప్పుడల్లా మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందని పరిశోధకులు కొలిచి చెప్పారు. అంటే నాకు అడుగుకి 48 కిలోలు. ఇప్పుడు గంటసేపు నిలబడి కత్తిరించగలుగుతున్నాను.

చక్రాల కుర్చీలో వచ్చే ఒక కస్టమర్ "మరి నా సంగతి?" అని అడిగారు. తెలిసినంత వరకు చెబుతాను. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాయామ మార్గదర్శకాల్లో వైకల్యంతో జీవిస్తున్నవారికి తొలిసారి ప్రత్యేకంగా సూచనలిచ్చింది. వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ, రెండు రోజులైనా కండరాలకు పని. అంత కుదరకపోతే ఎంత కుదిరితే అంత, ఏమీ చేయకపోవడం కంటే మేలే అని కూడా అందులో ఉంది. చేతులతో తిప్పే సైకిళ్లు, సాగే రబ్బరు పట్టీలు ఉన్నాయి. కాకపోతే కుర్చీ తోయడానికీ, మంచం మీదికి మారడానికీ ఆ భుజాలే కావాలి. కాబట్టి తోసే వ్యాయామాల కంటే వెనక్కి లాగేవి ఎక్కువ ఉండేలా తెలిసినవాళ్లతో పట్టిక వేయించుకోవడం మంచిది. పెద్ద కండరాలున్న కాళ్లు పనిచేయనప్పుడు శరీరానికి కేలరీలు తక్కువే పడతాయి. అందరి పళ్లెం లెక్క అక్కడ సరిపోదు.

షుగరుకి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్లు మాత్రం డాక్టరుతో మాట్లాడకుండా తిండి తగ్గించవద్దు. మందు మోతాదు మార్చకపోతే షుగర్ మరీ పడిపోవచ్చు. స్టెరాయిడ్లు, డిప్రెషన్‌కి వాడే కొన్ని మందులు బరువు పెంచుతాయి. ఎంత చేసినా తగ్గకపోతే మిమ్మల్ని మీరు తిట్టుకునే ముందు వాడుతున్న మందుల చీటీ డాక్టరుకి ఒకసారి చూపించండి. థైరాయిడ్ పరీక్ష కూడా.

బరువు తగ్గించే పొడి డబ్బాలు కౌంటర్ మీద పెట్టి, నన్ను చూపించి అమ్మమని ఒకాయన వచ్చారు. వద్దన్నాను. నేను ఏ పొడీ తాగలేదు, మీతో ఇంకో అబద్ధం ఆడలేను.

షాపులో కొన్ని మార్పులు చేశాను. ట్రయల్ రూమ్‌లో చేతుల కుర్చీ వేశాను, గోడకి పట్టుకునే కడ్డీ బిగించాను, తలుపు తీసి చక్రాల కుర్చీ పట్టేంత వెడల్పుగా పరదా పెట్టాను. ఇంకొకటి. ఇన్నేళ్లూ కొలతలు తీస్తూ "నడుము నలభై నాలుగు" అని అందరికీ వినబడేలా అమ్మాయికి చెప్పేదాన్ని. నా నడుమే అంత ఉన్నప్పుడు గానీ ఆ మాట ఎలా తగులుతుందో నాకు అర్థం కాలేదు. ఇకపై నేనే రాసుకుంటాను, పైకి చదవను. తగ్గుతున్నవాళ్లు ముందే చెప్పండి, తర్వాత బిగించడానికి వీలుగా కుట్టిస్తాను. పెరిగినా కంగారు లేదు, పక్కల రెండేసి అంగుళాల మార్జిన్ వదులుతాను.

ఇక ఐదింటికి ఎందుకు మూస్తున్నానో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. గత నెల తొందర ఆర్డర్లు ఎక్కువై మూడు వారాలు కొలనుకి వెళ్లలేదు. రాత్రి పదింటి దాకా మిషను మీదే ఉన్నాను, బిస్కెట్ల డబ్బా మళ్లీ కౌంటర్ కిందికి వచ్చింది. కిలోన్నర పెరిగాను. అది పెద్ద విషయం కాదు కానీ పొద్దున లేస్తూనే మోకాలు పాత రోజుల్లో లాగే బిగుసుకుపోయింది. కొలనులో మా బృందానికి ఇచ్చిన సమయం ఐదున్నర. వేరే వేళ లేదు.

తొందర పని ఉంటే ఉదయం పూట రండి, చేయగలనో లేదో అప్పుడే చెప్పేస్తాను. ఆ నాలుగు నెలల్లో ఆలస్యంగా అందిన బట్టలు మీ దగ్గర ఉంటే తీసుకురండి. బిగించాలన్నా, వదులు చేయాలన్నా డబ్బు తీసుకోను. గౌను పాప ఇప్పుడు పొడుగై ఉంటుంది. వాళ్లమ్మ ఇది చదివితే ఒకసారి పాపని తీసుకుని రండి, కొలతలు కొత్తగా తీసుకుంటాను. మంగళ, గురు, శనివారాల్లో రాత్రి ఏడున్నర దాకా షాపులోనే ఉంటాను.