లీష్ విప్పుకోవడం మొదటి రోజే నేర్పాలి

సంపాదకులకు,

తిరుపతి, చిత్తూరుల నుంచి చెన్నై దగ్గరి కోవళం, మహాబలిపురం వెళ్లి సర్ఫింగ్ (బోర్డుపై నిలబడి అలల మీద సాగే ఆట) నేర్చుకునే యువత కోసం ఈ లేఖ. బోర్డును చీలమండకు కలిపే లీష్ ఇసుక తీరంలో రక్షణే. రాళ్లు, పగడపు దిబ్బల దగ్గర మాత్రం అదే తాడు సందులో ఇరుక్కుని మనిషిని నీటి కిందే పట్టి ఉంచగలదు.

అప్పుడు కాలిని బలంగా గుంజడమే పెద్ద పొరపాటు. అల లాగేకొద్దీ తాడు బిగుస్తుంది, పట్టీకి చెయ్యి అందదు. తాడు చిక్కిన వైపే కాస్త జరగాలి. వదులైన క్షణంలో మోకాలు ముడుచుకుని, వెల్క్రో పట్టీ చివరనున్న ట్యాబును ఒక్క ఊపులో లాగాలి. ఒడ్డున కళ్లు మూసుకుని, ఒక్కో చేత్తో పదేసిసార్లు సాధన చేస్తే తప్ప నీళ్లలో ఇది రాదు. శిక్షకులు దీన్ని మొదటి రోజే నేర్పాలని మా గట్టి విన్నపం.

లీష్ ఇంచుమించు బోర్డంత పొడవుంటే చాలు. 7 అడుగుల బోర్డుకు 9 అడుగులది కడితే ఆ మిగులు తాడే రాళ్లకు చుట్టుకుంటుంది. మరీ పొట్టిదైతే బోర్డు ఎగిరొచ్చి తలకు తగులుతుంది. రాళ్ల మీదుగా దిగేటప్పుడు తాడును చేత్తో ఎత్తి పట్టుకోండి, వేళ్లకు మాత్రం చుట్టుకోవద్దు. పడేటప్పుడు తల ముందుగా దూకకుండా చదునుగా పడి, చేతులతో తల కప్పుకోవాలి.

తాడుపై చిన్న గాటు కనిపించినా మార్చేయాలి. రాపిడికి అక్కడే తెగుతుంది. వెల్క్రోలో ఇసుక చేరితే పట్టు పోతుంది కాబట్టి ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి నీడన ఆరబెట్టండి.

ఇట్లు,
సర్ఫింగ్ అభ్యాసకులు, తిరుపతి