ఉస్మానియా బిస్కెట్లు నేర్పిన అక్కకి, బల్ల వేసిచ్చిన బేకరీ అన్నకి

ఈ ఆదివారం మా ఇంట్లో ఉస్మానియా బిస్కెట్లు మావాడు చేశాడు. నేను వంటింట్లోకి పోలేదు. పోనివ్వలేదు కూడా. అందుకే ఈ పోస్టు.

మావాడికి 20 ఏళ్లు, ఆటిజం. మాటలు తక్కువ. 18 నిండాక కలెక్టరేట్ చుట్టూ తిరిగి, నేషనల్ ట్రస్ట్ చట్టం కింద గార్డియన్‌షిప్ కాగితం తెచ్చుకున్నాం. వాడి తరఫున సంతకం ఎవరు పెట్టాలో అందులో ఉంది. మేం ఇంట్లో లేనప్పుడు వాడికి ఆకలేస్తే ఎలా అన్న బెంగ మాత్రం అలాగే ఉండిపోయింది.

అప్పుడు దొరికారు అక్క. సికింద్రాబాద్‌లో తన ఇంటి కింది గదిలో ఐదుగురు పిల్లలకి (పిల్లలంటే మీసాలొచ్చినవాళ్లే) బేకింగ్ నేర్పుతారు. మొదటి రెండు వారాలూ మావాడి చేత చల్లారిన బిస్కెట్లు డబ్బాలో సర్దించారు, అంతే. నాకు ఒళ్లు మండింది. ఇందుకా రెండు బస్సులు మారి వస్తోంది అని అనేశా కూడా. అక్క నవ్వి, "చివరి పని ముందు నేర్పితే, 'అయిపోయింది' అన్న సంతోషం రోజూ వాడిదే కదమ్మా" అన్నారు. తర్వాత ట్రే బయటికి తీయడం, ఆ తర్వాత లోపల పెట్టడం. అలా వెనక నుంచి ముందుకొస్తూ ఏడో నెలకి మైదా తూకం దగ్గరికి చేరాడు. గోడ మీద ఒక్కో పనికి ఒక్కో ఫొటో, మొత్తం 14. పని అవగానే ఫొటో తిప్పేస్తాడు.

తూకం దగ్గర మావాణ్ణి చూడాలి. 250 అంటే 250 గ్రాములే. 251 వస్తే చిటికెడు తీస్తాడు. ఇంట్లో ఈ పట్టుకే మేం తలలు పట్టుకునేవాళ్లం. అక్కడ దాన్ని పనితనం అన్నారు. ఓవెన్ తలుపు ఊరికే లాగేసేవాడు, ఇప్పుడు టైమర్ మోగేదాకా స్టూలు దిగడు. బస్టాపులో కూడా ఫోన్లో టైమర్ పెట్టుకుని కూర్చుంటున్నాడు!

బీటర్ చప్పుడు మాత్రం పడలేదు. ఆన్ చేయగానే చెవులు మూసుకుని మెట్లెక్కి పరుగు. అక్క బతిమాలలేదు, చేత్తో గిలక్కొట్టే విస్క్ ఇచ్చారు. ఇప్పటికీ అదే. చెయ్యి నొప్పెడుతుంది, పెట్టనీ.

బేకరీ అన్నా, మావాడు బిస్కెట్లు అమ్ముకోవడానికి శనివారం సాయంత్రాలు మీ కౌంటర్ పక్కన బల్ల వేసిచ్చారు. మావాడు చిల్లర లెక్కపెడుతుంటే వెనక ఎవరో "త్వరగా కానీ బాబూ" అన్నారు. "తొందరైతే ఇటు రండి సార్, ఆయన లెక్క ఆయన్ని చూసుకోనివ్వండి" అన్నారు మీరు. మావాణ్ణి "ఆయన" అన్నది మీరే మొదలు.

ఆదివారం రెండు బిస్కెట్లు మాడాయి. ఓవెన్ ప్లగ్గు తీసి నాకు చూపించి, ఆ రెండూ వాళ్ల నాన్న పళ్లెంలో పెట్టాడు. మిగతావి రెండు డబ్బాల్లో సర్దాడు. ఒకటి అక్కకి, ఒకటి మీకు. రేపు వాడే తెస్తాడు.