పడమటి సముద్రం వేరు, మన సముద్రం వేరు

సంపాదకులకు నమస్కారం.

ఏటా ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలవగానే ఒక పోలిక కూడా మొదలవుతుంది. కేరళ మత్స్యకారులు సంఘాలు పెట్టుకుని నిలదొక్కుకున్నారట, గుజరాత్‌లో ఒక బోటుతో మొదలుపెట్టినవాళ్లు నాలుగు బోట్లు చేశారట, మన గంగపుత్రులు మాత్రం ఇవాళ పడ్డ చేపను ఇవాళే అమ్మేసి రేపటి సంగతి గంగమ్మకు వదిలేస్తారట. సభల్లో, టీవీ చర్చల్లో ఈ మాట ఎంత తేలిగ్గా వస్తుందంటే, అన్నవాళ్లు రెండు సముద్రాలనూ ఒక్కసారైనా ఒడ్డున నిలబడి చూశారా అని అనుమానం కలుగుతుంది. రెండు తీరాల తీరులో తేడా ఉన్నమాట నిజమే. అది మనిషిలో పుట్టిందా, నీళ్లలో పుట్టిందా అన్నదే తేలాలి.

ముందు రేవు సంగతి. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉందని గొప్పగా చెప్పుకుంటాం. ఆ తీరంలో చాలాచోట్ల పడవను నీళ్లలో కట్టేసుకుని ఇంటికి పోయే వీలు లేదు. అంతా తెరిచిన ఇసుక ఒడ్డు. వంశధార, నాగావళి సముద్రంలో కలిసే మొగల్లో ఇసుక మేట వేస్తుంది. కెరటం ఒడ్డు దాకా వచ్చి ఒక్కసారిగా విరుగుతుంది. పెద్ద కెరటాల వరస పోయాక కాస్త సందు దొరుకుతుంది, పడవను ఆ సందులోనే తోసెయ్యాలి. సందు తప్పితే పడవ అడ్డం తిరుగుతుంది, అడ్డం తిరిగిన పడవ బోల్తా పడుతుంది. తిరిగి వచ్చేటప్పుడూ ఇదే పరీక్ష.

తెప్ప, నావ ఈ కెరటానికి తగ్గట్టు పుట్టినవే. తెప్ప అంటే తేలిక దుంగలను తాడుతో బిగించి కట్టిన కట్ట. నీళ్లు పైకెక్కినా మునగదు. ఒడ్డుకు రాగానే కట్లు విప్పి దుంగలను ఆరబెడతారు, లేకపోతే కర్ర నీళ్లు పీల్చి బరువెక్కిపోతుంది. పాతకాలం నావకు మేకు ఉండదు, పలకలను కొబ్బరి తాడుతో కుట్టేవారు. కుట్టిన పలక ఇసుకకు కొట్టుకున్నప్పుడు కొంచెం వంగి తట్టుకుంటుంది, మేకు కొట్టిన పలక పగులుతుంది. ఇప్పుడు ఎక్కువగా ఫైబర్ బోట్లు, 9 లేదా 10 గుర్రాల శక్తి ఇంజన్లు. ఫైబర్ వంగదు. అడుగు రోజూ ఇసుకకు రాసుకుని బీటలిస్తుంది, అతుకు మీద అతుకు పడుతుంది. ఒడ్డుకు చేరే క్షణంలో ఇంజన్ ఎత్తడం ఆలస్యమైతే ఫ్యాను ఇసుకలో దిగబడి విరుగుతుంది.

రోజూ చేతులతో ఇసుక మీదికి లాగాల్సిన పడవ, లాగే చేతులకు మించి పెరగదు. పెరగని పడవలో ఐసుకు చోటుండదు. మన వేడిలో కిలో చేపకు సుమారు కిలో ఐసు కావాలి. ఐసు లేని పడవ రాత్రంతా సముద్రం మీద ఉండలేదు, తెచ్చిన చేప రేపటిదాకా ఆగదు. ఆ సంగతి ఒడ్డున నిలబడ్డ సావుకారుకు బాగా తెలుసు, ధర అతనే చెబుతాడు. ఇవాళ్టిది ఇవాళే అమ్మేస్తారని ఎగతాళి చేసేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకుంటే బాగుంటుంది.

కర్ణాటకలో మల్పె, మంగళూరు రేవులు నదీముఖాల్లో ఉన్నాయి. కొంకణంలో కొండ కొమ్ములు సముద్రంలోకి చొచ్చుకొచ్చి కెరటానికి అడ్డుపడతాయి. బోటు నీళ్లమీదే తేలుతూ ఉంటుంది కనుక పెద్దది కట్టొచ్చు, ఐసు నింపుకుని పది పదిహేను రోజులు పోవచ్చు. పైగా లోతు సంగతి ఒకటుంది. 200 మీటర్ల లోతుకు మించని సముద్రపు అడుగు నేల ముంబై ఎదుట దాదాపు 300 కిలోమీటర్ల దాకా సాగుతుంది. విశాఖ ఎదుట 40 కిలోమీటర్లు అటూ ఇటూగా అయిపోతుంది. ట్రాలు వల ఈడ్చేవాడికి ఆ నేలే పొలం. వాళ్లది పెద్ద కమతం, మనది గట్టు పక్క సెంటు భూమి.

ఇది తూర్పు పడమరల జాతకం కాదనడానికి రెండు ఊళ్లు చాలు. తిరువనంతపురం జిల్లా పడమటి తీరమే, అయినా అక్కడ ఒడ్డు నిటారుగా ఉండి కెరటం గట్టిగా విరుగుతుంది కాబట్టి మన తెప్పకు అన్నలాంటి కట్టుమరమే వాళ్లకూ ఆధారమైంది. కాకినాడ తూర్పు తీరమే, హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ చేయి చాపి అడ్డుపడటంతో లోపల నీళ్లు నెమ్మదిగా ఉంటాయి. అక్కడ మరబోట్లు వచ్చాయి, ఐసు ఫ్యాక్టరీలు వచ్చాయి, ఎగుమతులు వచ్చాయి. కాకినాడ మత్స్యకారుడికి లేని బద్ధకం శ్రీకాకుళం మత్స్యకారుడికి ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పాలి మరి.

ఐకమత్యం గురించి కూడా ఒక మాట. కేరళలో కవళ్లు, కానాగంతలు పట్టే రింగు వల బోటు మీద ముప్పై నలభై మంది కలిసి వెళ్తారు. అంతమంది ఒకే వల మీద బతుకుతున్నప్పుడు వాటాల లెక్క, పెద్దమనుషుల మాట, సంఘం తప్పవు. తెప్ప మీద వెళ్లేది ఇద్దరు ముగ్గురు. వాళ్ల తగువు ఇంట్లోనే తేలిపోతుంది. మనవాళ్లు కలవలేరనేవాళ్లు ఒడ్డున అలివి వల లాగే రోజు వచ్చి చూడాలి, తాడు పట్టిన ప్రతి చేతికీ పాలు ఉంటుంది. అదే రింగు వల విశాఖకు వచ్చేసరికి 2022 జనవరిలో పడవలు తగలబడేదాకా వెళ్లింది. వేటాడే నీళ్లు ఇరుకు. మన 1994 చట్టం ప్రకారం తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు సంప్రదాయ పడవలది. ఆ గీతను కాగితం మీద గీసి వదిలేశారు, కాపలా కాసే పడవలు చాలవు.

కాలం లెక్క ఇంకా ముఖ్యం. పడమట కేంద్రం పెట్టిన నిషేధం జూన్ 1 నుంచి జులై 31 వరకు. అది నైరుతి రుతుపవనాల ఉధృతి, నిషేధం లేకపోయినా మరబోట్లకు గడ్డు రోజులే. కేరళ తన నీళ్లలో ట్రాలర్లకు జూన్ 9 అర్ధరాత్రి నుంచి 52 రోజులు పెట్టుకుంది, సంప్రదాయ పడవలను వదిలేసింది. ఆ వానల్లోనే అడుగునున్న చల్లటి నీళ్లు పైకొచ్చి చేపకు మేత తెస్తాయి. అలప్పుళ వైపు చాకర అనే బురద తిన్నెలు కెరటాన్ని మింగేసి సముద్రాన్ని చెరువులా చేస్తాయి, చిన్న పడవల పంట పండుతుంది. మనకు నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. చేప గుడ్లు పెట్టే కాలమనే ఉద్దేశంలో తప్పు లేదు, కానీ పోయేది వేటకు వెళ్లగలిగే రోజులు. ఆ తర్వాత అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలు మరికొన్ని రోజులు తినేస్తాయి, ఎన్నో ముందుగా ఎవరూ చెప్పలేరు. పడమటి వాళ్ల సముద్రం ఒక్కసారి మూసుకుని ఒక్కసారి తెరుచుకుంటుంది. మహారాష్ట్ర తీరపు మత్స్యకారులైన కోలీలు శ్రావణ పౌర్ణమికి కొబ్బరికాయ సమర్పించి బోట్లు దించుతారు, అప్పులూ పెళ్లిళ్లూ ఆ తేదీ చుట్టూ సర్దుకుంటాయి. తేదీ లేని సముద్రంతో పద్దు రాసుకోవడం కష్టం.

తుపాను భయం మాత్రం మనవాళ్లకు ఎక్కువ, అది మంచికే. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీళ్లు బంగాళాఖాతం పైన తేలిక పొరలా పరుచుకుని, కింది చల్లటి నీళ్లను పైకి రానివ్వవు. పైనీళ్లు వెచ్చగా ఉంటాయి, తుపానుకు అదే ఆహారం. 1977 నవంబరు 19 దివిసీమ తర్వాత ఇక్కడ హెచ్చరిక జెండా నంబరు పిల్లలకు కూడా తెలుసు. 2017లో ఓఖి నవంబరు చివర కేరళ దక్షిణాన విరుచుకుపడేసరికి పడవలు అప్పటికే దూరం వెళ్లిపోయాయి, కబురు అందే దారి లేదు, ఆ తీరానికి తుపాను అలవాటూ లేదు. చాలామంది తిరిగి రాలేదు. ఇల్లు కట్టడంలోనూ ఇదే తేడా. వాళ్ల పెంకుటిల్లు నిటారు కప్పుతో వానకు కట్టింది, 2020 జూన్ 3న నిసర్గ తుపాను గాలికి కొంకణంలో పెంకులు లేచిపోయాయి. మన చుట్టిల్లు గాలికి కట్టింది. గుండ్రటి మట్టి గోడకు గాలి పట్టు దొరకదు, తాటాకు చూరు నేలకు దగ్గరగా దిగుతుంది. దాని స్థానంలో వచ్చిన రేకుల ఇంటికి హుద్‌హుద్‌లో ఏమైందో ఉత్తరాంధ్రలో ఎవరినడిగినా చెబుతారు. (పులుసులో వాళ్లది కొబ్బరి, మనది చింతపండు అన్న తగువులోకి నేను దిగను.)

ఇంత చెప్పాక అసలు విషయం. గుజరాత్ బోట్లను ఆదర్శం అంటున్నాం కదా, వెరావల్లో ఆ బోట్లు నడిపే కలాసీల్లో ఎంతోమంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లే. మనవాళ్ల నోట అది వీరావల్. ఆగస్టులో అడ్వాన్సు తీసుకుని నెల జీతానికి వెళ్తారు, సీజన్ అయ్యాక వస్తారు. 2018 నవంబరులో పాకిస్థాన్‌కు పట్టుబడి 2020 జనవరిలో వాఘా దాటి వచ్చిన 20 మంది ఇలా వెళ్లినవాళ్లే. 2020 లాక్‌డౌన్‌లో వేలమంది అక్కడి రేవులో బోట్ల మీదే చిక్కుబడ్డారు. రేవున్నచోట పదిహేను రోజుల వేట చేసే మనిషి, రేవులేని సొంతూళ్లో సోమరి ఎలా అయ్యాడు?

వీళ్ల జీవితం రెండు క్యాలెండర్ల మధ్య నలుగుతోంది. మే 31 దాకా అక్కడ పనిచేసి వచ్చినవాడికి ఇక్కడ ఇంకా 14 రోజుల నిషేధం. అంతకుముందే తిరిగొస్తే ఇంకా ఎక్కువ. నిషేధ భృతిని 2025 ఏప్రిల్‌లో ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెంలోనే 20,000 రూపాయలకు పెంచి ఇవ్వడం మొదలుపెట్టారు, సంతోషం. అయితే జాబితా బోటు చుట్టూ తిరుగుతుంది. ఫలానా రిజిస్ట్రేషన్ నంబరు బోటు, అందులో ఫలానా కలాసీలు అని రాసుకుంటారు. గుజరాత్ నంబరు బోటు ఎక్కినవాడి పేరు ఇక్కడ ఏ బోటు కింద రాయాలి? ఊరి పెద్దను బతిమాలి ఎవరిదో తెప్ప కింద రాయించుకుంటే, రేపు విచారణలో ఇద్దరి పేర్లూ పోయే ప్రమాదం. బోటుతో ముడిపెట్టకుండా మనిషి గుర్తింపు కార్డు మీద, వలస వెళ్లేముందు ఊళ్లోనే నమోదు చేస్తే ఈ చిక్కు సగం తీరుతుంది. ఆ నమోదులో అక్కడి యజమాని పేరు, బోటు నంబరు, తీసుకున్న అడ్వాన్సు కూడా ఉంటే, పట్టుబడినప్పుడు ఎవరు ఏ బోటు మీద ఉన్నారో వెతుక్కునే పని తప్పుతుంది.

ఇక రేవులు. అవి మనకూ కావాలి, కానీ కట్టేటప్పుడు ఒక జాగ్రత్త తప్పదు. మన తీరంలో ఇసుక ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. సముద్రంలోకి రాతిగోడ కట్టగానే దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన ఉన్న ఊరిని సముద్రం కోస్తుంది. విశాఖలో ఔటర్ హార్బరు తవ్విన ఇసుకను బీచ్‌కు పోస్తూ ఉండాల్సి వస్తున్నది అందుకే. కాబట్టి గోడతో పాటు ఏటేటా ఇసుక ఎత్తి అవతల పోసే డ్రెడ్జర్ ఖర్చును కూడా మొదటి అంచనాలోనే చేర్చాలి. ఉత్తరం వైపు మొదటి ఊరు ఏదో, ఒడ్డుకు ఆఖరి ఇల్లు ఎంత దూరంలో ఉందో పనులు మొదలుపెట్టకముందే కొలిచి, ఆ కొలతను గ్రామసభలో చదివి వినిపించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
భావనపాడు, శ్రీకాకుళం జిల్లా