మూతి పేలినప్పుడు పసిబిడ్డకు ముద్దులు వద్దు

సంపాదకులకు నమస్కారం.

పెదవి అంచున నీటిపొక్కులు గుత్తిగా లేచి, రెండు మూడు రోజుల్లో చితికి, పెచ్చు కట్టి, వారం పది రోజులకు మానిపోయే జబ్బు గురించి మీ పాఠకులకు కొన్ని వివరాలు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాం. మూతి పేలిందనీ, జ్వరం పొక్కులనీ అందరూ తేలిగ్గా తీసుకునే జబ్బు ఇది. చాలామందికి నిజంగా తేలికే. మా బాధల్లా ఒకటే. జనం జాగ్రత్తపడే చోటు ఒకటి, జాగ్రత్త పడాల్సిన చోటు మరొకటి. పొక్కు ఉన్న మనిషి కూర్చున్న కుర్చీలో కూర్చోవడానికి వెనకాడేవారే, అదే మనిషి పది రోజుల పసిగుడ్డును ఎత్తుకుని ముద్దు పెడుతుంటే చూస్తూ ఊరుకుంటారు.

దీనికి కారణం హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ మొదటి రకం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సంవత్సరానికి వేసిన అంచనా ప్రకారం 50 ఏళ్ల లోపు వారిలో 64 శాతం మందికి, అంటే సుమారు 380 కోట్ల మందికి ఇది సోకి ఉంది. ఎక్కువమందికి చిన్నతనంలోనే దగ్గరివాళ్ల లాలాజలం ద్వారా అంటుతుంది. అంటిన సంగతి కూడా చాలామందికి తెలియదు. ఒకసారి చేరాక వైరస్ ఒంట్లోంచి పోదు. ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నరం మొదట్లో ఉండే నాడీకణాల ముడిలో అణిగి ఉంటుంది. జ్వరం, ఎండ, నిద్రలేమి, మానసిక ఒత్తిడి, నెలసరి, పెదవికి దెబ్బ, పంటి చికిత్స, ఇలాంటిదేదో తోడైనప్పుడు నరం వెంట మళ్లీ పైకొచ్చి దాదాపు పాత చోటనే పొక్కుగా తేలుతుంది. సోకినవారిలో నూటికి 20 నుంచి 40 మందికి మాత్రమే ఇలా పొక్కులొస్తాయి. మిగతావారిలో చప్పుడు చేయకుండా ఉంటుంది. హెర్పిస్ అన్న పేరు వినగానే పొక్కు వచ్చిన మనిషి నడవడికను శంకించేవాళ్లున్నారు. అది అన్యాయం. ఈ లెక్కన శంకించేవారికీ అది సోకి ఉండే అవకాశమే ఎక్కువ.

ఎప్పుడు అంటుతుందన్నది ముందు తెలియాలి. పొక్కు కనబడిన రోజు నుంచి లెక్క వేసుకోవడమే అందరూ చేసే పొరపాటు. అంతకు కొన్ని గంటల ముందే, ఒక్కోసారి ఒకటి రెండు రోజుల ముందే, అదే చోట చురుకు, దురద, మంట, బిగుసుకున్నట్టు ఉండటం మొదలవుతుంది. వైరస్ చర్మం దాకా వచ్చేసిందనడానికి అదే గుర్తు. మరొకరికి దూరం పాటించాల్సిన సమయం అక్కడే మొదలవుతుంది. ఆ తర్వాత చిన్న గడ్డలా ఎర్రబడి, నీరు చేరి పొక్కవుతుంది. పొక్కు చితికి రసి కారే రోజుల్లో ముప్పు అన్నిటికంటే ఎక్కువ, ఆ నీటిలో వైరస్ కిక్కిరిసి ఉంటుంది. నాలుగైదు రోజులకు పెచ్చు కట్టాక తగ్గుతూ వస్తుంది గానీ, పెచ్చు పూర్తిగా రాలి కింద కొత్త చర్మం కనబడేదాకా తీరిందనుకోకూడదు. పెచ్చు గిల్లితే మళ్లీ తడి తేలి, గడువు పెరుగుతుంది. ఏ పొక్కూ లేని రోజుల్లో కూడా అప్పుడప్పుడూ లాలాజలంలో వైరస్ కొద్దిగా వస్తుంది. దాన్ని ఎవరూ కనిపెట్టలేరు, దానికి భయపడి బతకనక్కర్లేదు. కనబడే రోజుల్లో జాగ్రత్తగా ఉంటే చాలావరకు చాలు.

ఎలా అంటుతుందన్నది రెండోది. దెబ్బతినని మందపాటి చర్మంలోంచి ఈ వైరస్ లోపలికి పోలేదు. పెదవి, నోటి లోపలి పొర, కంటి పొర, జననాంగాల పొర, లేదా గీరుకుపోయిన, పగిలిన, ఎగ్జిమా (దురదతో ఎర్రబడి పొడిబారే చర్మవ్యాధి) ఉన్న చర్మం కావాలి. అందుకే ముద్దు అన్నిటికంటే సూటి దారి. నోటి ద్వారా జరిగే లైంగిక కలయికలో ఇదే వైరస్ జననాంగాలకూ చేరుతుంది, కాబట్టి పొక్కు మానేదాకా అదీ ఆపాలి. ఇది గాలిలో తేలి వచ్చేది కాదు. ఒకే గదిలో కూర్చున్నందుకు, పక్క సీట్లో ప్రయాణించినందుకు, ఈతకొలనులో దిగినందుకు అంటదు.

వస్తువుల సంగతి కాస్త మధ్యరకం. ఒంటి బయట ఈ వైరస్ ఎక్కువసేపు నిలవదు. రోగుల నుంచి తీసిన వైరస్‌ను పరీక్షించినప్పుడు చర్మం మీద 2 గంటలు, గుడ్డ మీద 3 గంటలు, ప్లాస్టిక్ మీద 4 గంటల దాకా బతికింది. అంటే నిన్నటి గ్లాసుతో పేచీ లేదు. ఎంగిలి తడి ఆరకముందే నోటి నుంచి నోటికి మారే వస్తువుతోనే పేచీ. కరిచి తాగిన నీళ్ల సీసా, ఒకరు కాల్చి ఇంకొకరికిచ్చిన సిగరెట్, లిప్‌స్టిక్, లిప్‌బామ్, పిల్లనగ్రోవి, ఈల ఈ కోవలోకి వస్తాయి. సబ్బు నీళ్లతో కడిగిన పాత్రలను వేరుగా పెట్టనక్కర్లేదు. వైరస్ చుట్టూ ఉండే కొవ్వు పొర మామూలు సబ్బుకే చెదిరిపోతుంది. ముఖం తుడుచుకునే తువ్వాలు మాత్రం పొక్కు మానేదాకా ఎవరిది వారికే ఉండాలి. గడ్డం గీసుకునే బ్లేడు విషయంలో ఇంకో చిక్కుంది. పొక్కు మీదుగా గీస్తే వైరస్‌ను గడ్డమంతా నాటినట్టే అవుతుంది. మానేదాకా ఆ పక్క గీసుకోకపోవడమే మేలు.

అందరూ మరిచిపోయేది చేతులను. పొక్కున్న తొమ్మిది మంది పెద్దలను పరీక్షించినప్పుడు ఆరుగురి చేతుల మీద వైరస్ దొరికింది. పొక్కును తెలియకుండానే తడుముకుంటాం, ఆ వేలితోనే కన్ను నలుపుకుంటాం, కాంటాక్ట్ లెన్సు పెట్టుకుంటాం, బిడ్డ నోటికి పాలపీక అందిస్తాం. కరచాలనం వల్ల అరచేతికేమీ కాదు. ఆ చేయి ఆ తర్వాత కంటికో నోటికో పోతేనే ముప్పు. కాబట్టి పొక్కు ఉన్నన్నాళ్లూ దాన్ని ముట్టుకునేది మందు రాయడానికే అయ్యుండాలి. రాసే ముందు, రాశాక, రెండుసార్లూ సబ్బుతో 20 సెకన్ల పాటు చేతులు కడగాలి. సబ్బు అందుబాటులో లేకపోతే 60 శాతానికి తగ్గకుండా ఆల్కహాల్ ఉన్న శానిటైజర్ పనిచేస్తుంది. క్రీమును వేలితో కాకుండా దూది పుల్లతో అద్దాలి, రుద్దకూడదు. ఒకసారి పొక్కుకు తగిలిన పుల్లను మళ్లీ ట్యూబు మూతికి ఆనించకూడదు. ట్యూబును ఇంకొకరితో పంచుకోకూడదు. పొక్కు మీద అంటించుకునే హైడ్రోకొల్లాయిడ్ పట్టీలు దొరుకుతాయి. మందు కంటే వాటి ప్రధానమైన మేలు, చేయి పోకుండా అడ్డుపడటం.

ఇక పసిపిల్లల సంగతి. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే. పుట్టిన మొదటి నాలుగు నుంచి ఆరు వారాల్లో బిడ్డ రోగనిరోధక శక్తి ఈ వైరస్‌ను ఒక చోట ఆపలేదు. పెద్దవాళ్లలో పెదవి దాటని వైరస్, పసికందులో కాలేయానికి, ఊపిరితిత్తులకు, మెదడుకు పాకుతుంది. అలా ఒళ్లంతా పాకిన బిడ్డల్లో చికిత్స అందకపోతే ఎక్కువమంది దక్కరు. చికిత్స అందినా కొందరు చనిపోతారు, బతికినవారిలో కొందరికి మెదడు దెబ్బతింటుంది. ఇలాంటివి అరుదే. కానీ తప్పించుకోదగినవి. తల్లికి ఈ వైరస్ ఎప్పుడో సోకి ఉంటే ఆమె నుంచి వచ్చిన యాంటీబాడీలు బిడ్డకు కొంత అండ. తల్లికి సోకనే లేకపోతే బిడ్డకు ఆ అండ కూడా ఉండదు, ఎవరికి ఉందో ఎవరికి లేదో ముఖం చూసి చెప్పలేం.

అందుకని పెదవి మీద పొక్కు గానీ, పొక్కు వచ్చే ముందటి చురుకు గానీ ఉన్నవారు, ఎంత దగ్గరి బంధువైనా సరే, పసిబిడ్డను ముద్దాడకూడదు. నుదుటి మీద కాదు, చేతి మీద కాదు, ఎక్కడా వద్దు. ఆ చేయి కాసేపటికి బిడ్డ నోట్లోకే పోతుంది. వీలైతే మానేదాకా ఎత్తుకోవడమే వాయిదా వేసుకోవాలి. చెంచాలోది పెదవికి ఆనించి వేడి చూసి అదే చెంచా బిడ్డ నోట్లో పెట్టడం, కింద పడ్డ పీకను తన నోట్లో చప్పరించి శుభ్రం చేయడం ఎప్పుడూ మంచివి కావు, పొక్కున్న రోజుల్లో అసలే కావు. తల్లికే పొక్కు వస్తే బిడ్డను వేరు చేయాల్సిన పనిలేదు, పాలు మాన్పించాల్సిన పనీ లేదు. మాస్కు కట్టుకుని, ప్రతిసారీ చేతులు కడుక్కుని, ముద్దులు మాత్రం ఆపి పాలివ్వవచ్చు. రొమ్ము మీద పొక్కు ఉంటే మాత్రం ఆ పక్క పాలు ఇవ్వకుండా వెంటనే వైద్యుణ్ని కలవాలి. నెల రోజుల బిడ్డ పాలు సరిగా తాగకపోయినా, మగతగా పడి ఉన్నా, జ్వరం వచ్చినా, ఒళ్లు చల్లబడినా, పొక్కులు కనబడినా, ఫిట్స్ వచ్చినా తెల్లవారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఇంట్లో ఎవరికైనా పెదవి మీద పొక్కు వచ్చిందా అని వైద్యుడు అడగకపోయినా మీరే చెప్పండి. ఆ ఒక్క మాటతో ఈ వైరస్‌ను అణిచే మందు ఎసైక్లోవిర్ ఇంజెక్షన్ కొన్ని గంటల ముందే మొదలవుతుంది. ఈ చికిత్స రక్తనాళం ద్వారా 14 రోజులు, వైరస్ మెదడుకు గానీ ఒళ్లంతా గానీ పాకితే కనీసం 21 రోజులు సాగుతుంది.

కొంచెం పెద్ద పిల్లల్లో, ముఖ్యంగా ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు, మొదటిసారి సోకినప్పుడు కొందరికి గట్టి జ్వరం, వాచి రక్తమోడే చిగుళ్లు, నోటినిండా పుండ్లు వస్తాయి. సోకిన 2 నుంచి 12 రోజుల్లో ఇది బయటపడుతుంది, తగ్గడానికి రెండు వారాలు పట్టవచ్చు. వీరికి వైరస్ కంటే ఒంట్లో నీరు తగ్గిపోవడంతోనే ఎక్కువ ప్రమాదం. మింగితే మంట కాబట్టి తాగరు. నొప్పి తగ్గే మందు ఇచ్చి, చల్లని ద్రవాలు గుక్కగుక్కగా పట్టాలి. ఆరు నుంచి ఎనిమిది గంటలు మూత్రం పోయకపోతే ఆస్పత్రి అవసరం. లక్షణాలు మొదలైన 72 గంటల్లోపు వైద్యుడికి చూపిస్తే ఎసైక్లోవిర్ ఇచ్చి బాధను కుదించవచ్చు. చొల్లు ఆపుకోలేని ఈ పిల్లలను తగ్గేదాకా ఇంట్లోనే ఉంచాలి. పెదవి మీద మామూలుగా వచ్చిపోయే పొక్కు ఉన్న పిల్లవాణ్ని మాత్రం బడి మాన్పించడం అనవసరం.

చర్మానికి చర్మం రాసుకునే ఆటల్లో లెక్క మారుతుంది. 1989లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో జరిగిన ఒక కుస్తీ శిక్షణ శిబిరంలో 175 మంది కుర్రాళ్లలో 60 మందికి ఈ వైరస్ సోకింది. చాలామందికి పొక్కులు తల, ముఖం, మెడ మీదే వచ్చాయి. కుస్తీ శిక్షకులు పట్టు పట్టించే ముందు ముఖాలూ మెడలూ చూడటం, పొక్కులు ఎండి పెచ్చు కట్టేదాకా బరిలోకి రానివ్వకపోవడం తప్పనిసరి చేయాలి.

ఎగ్జిమా ఉన్నవారి మీద ఈ వైరస్ పడితే మచ్చలన్నిటి మీదా ఒకే తీరు పొక్కులు లేచి జ్వరం వస్తుంది, అది అత్యవసరం. కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, వెలుగు చూడలేకపోతే అదే రోజు కంటి వైద్యుడికి చూపించాలి. స్టెరాయిడ్ ఉన్న కంటి చుక్కలు సొంతంగా వేసుకుంటే పుండు నల్లగుడ్డు మీద పాకి చూపు పోవచ్చు. క్యాన్సర్ మందులు వాడుతున్నవారూ, అవయవ మార్పిడి జరిగినవారూ ఏ చిన్న పొక్కునూ సొంత వైద్యంతో నెట్టుకురాకూడదు.

మందుల గురించి ఎక్కువ చెప్పేది లేదు. 5 శాతం ఎసైక్లోవిర్ క్రీము రోజుకు ఐదుసార్లు, నాలుగైదు రోజులు. చురుకు తెలిసిన వెంటనే మొదలుపెడితేనే కాస్త ఫలితం, అదీ ఒక రోజు ముందు మానడం లాంటిదే. తరచూ వచ్చేవారికి వైద్యులు మాత్రలు రాస్తారు, అవి క్రీము కంటే నయం. యాంటీబయాటిక్ దీని మీద పనిచేయదు. ఎండకు పొక్కులొచ్చేవారు ఎస్పీఎఫ్ 30 ఉన్న లిప్‌బామ్ వాడితే కొన్నిసార్లు తప్పుతాయి. నివారణకు టీకా ఇంకా లేదు.

నోటి పుండ్లన్నీ ఇది కావు. బుగ్గ లోపల, నాలుక కింద తెల్లగా గుంటపడి మండే పూత అంటదు. పెదవుల మూలలు రెండు పక్కలా పగలడం వేరే జబ్బు. తేనె రంగు పెచ్చులు కడితే అది బ్యాక్టీరియా కావచ్చు, దానికి మందు వేరు. పది రోజులకూ మానని పొక్కును ఎవరైనా వైద్యుడికి చూపించాల్సిందే.

ప్రసూతి వార్డులను నడిపేవారికి మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. చెప్పులు బయట విడవమని తలుపు మీద రాసే చోటే ఇంకో వాక్యం చేర్చండి: "పెదవి మీద పొక్కు గానీ చురుకు గానీ ఉన్నవారు బిడ్డను ముట్టుకోవద్దు, ముద్దాడవద్దు." కన్నబిడ్డను చూడవచ్చిన పెద్దలకు ఎదురుచెప్పలేక తల్లి ఇబ్బంది పడుతుంది. గోడ మీద ఆ మాట ఉంటే ఆమె నోరు తెరవాల్సిన అవసరం రాదు.

ఇట్లు,
చర్మవ్యాధుల, శిశు వైద్య విభాగాల్లో పనిచేసే కొందరు వైద్యులు